నోర్డ్‌లింగెన్: ఊరి వలయం వేరు, గుంట వలయం వేరు

జర్మనీలోని నోర్డ్‌లింగెన్ పేరు చెప్పగానే ఇంటర్నెట్‌లో ముందుగా కనిపించేది ఆకాశం నుంచి తీసిన ఒక ఫోటో. ఎర్ర పెంకుల ఇళ్లు, నడిమధ్యన ఎత్తైన చర్చి గోపురం, చుట్టూ ఇంచుమించు గుండ్రంగా కోటగోడ. కింద ఒక వాక్యం: "ఉల్క పడిన గుంటలో కట్టిన ఊరు." వాక్యం నిజమే. కానీ ఫోటో పక్కన చదివితే ఆ గోడే గుంట అంచు అనిపిస్తుంది. అది తప్పు.

కోటగోడ చుట్టుకొలత 2.7 కిలోమీటర్లు. అంటే ఈ చివర నుంచి ఆ చివరకు 860 మీటర్లో, కాస్త అటూఇటూనో ఉంటుంది. ఉల్కాబిలం వ్యాసం దాదాపు 25 కిలోమీటర్లు. గోడల మధ్యనున్న ఇలాంటి ఊళ్లను వరసగా పేరిస్తే బిలం ఒక అంచు నుంచి రెండో అంచు చేరడానికి ముప్పై దాకా కావాలి. పైగా ఊరు బిలానికి నడుమ కూడా లేదు, నైరుతి వైపు జరిగి ఉంది. ఊళ్లో నిలబడితే చుట్టూ చదునైన పొలాలే కనిపిస్తాయి తప్ప గుంటలో ఉన్నామన్న సంగతి తెలియదు. రెండు వలయాలకూ ఆకారంలో నేరుగా సంబంధం లేదు. ఊరి గోడల్లోనూ చర్చిలోనూ ఉన్న రాయికి మాత్రం బిలంతో గట్టి సంబంధం ఉంది. ఈ రెండింటినీ కలిపేసి చెప్పడం వల్లే నోర్డ్‌లింగెన్ కథ ఎప్పుడూ గజిబిజిగా వినిపిస్తుంది.

ముందు ఊరు ఎక్కడుందో చూద్దాం. బవేరియా పడమటి అంచున, బాడెన్-వుర్టెంబెర్గ్ సరిహద్దుకు ఆనుకుని, డోనౌ-రీస్ జిల్లాలో ఉంది. జనాభా ఇరవై వేల చిల్లర. పడమటి నుంచి వచ్చే స్వాబియన్ సున్నపురాతి కొండలు, తూర్పున సాగే ఫ్రాంకోనియన్ కొండలు నిజానికి ఒకే వరస. ఆ వరసను రెండుగా తెంపుతూ మధ్యలో పళ్లెంలా పరుచుకున్న మైదానమే రీస్. అడుగు కంటే అంచులు 100 నుంచి 150 మీటర్ల ఎత్తు. వ్యోర్నిట్స్ నది ఉత్తరం నుంచి ఈ మైదానంలోకి వచ్చి, ఆగ్నేయాన హార్‌బుర్గ్ దగ్గర ఇరుకు లోయ గుండా బయటపడి, డోనౌవ్యోర్త్‌లో డాన్యూబ్‌లో కలుస్తుంది. నోర్డ్‌లింగెన్‌ను తాకే ఏగెర్ అనే చిన్న నది వ్యోర్నిట్స్‌లో కలిసేదే.

ఇక బిలం సంగతి. సుమారు కోటీ 48 లక్షల ఏళ్ల కిందట, కిలోమీటరు పైచిలుకు వ్యాసమున్న గ్రహశకలం ఒకటి సెకనుకు 20 కిలోమీటర్ల స్థాయి వేగంతో ఇక్కడ పడింది. అప్పటి నేలలో రెండు పెద్ద పొరలుండేవి. పైన 600, 700 మీటర్ల మందాన సున్నపురాయి, బంకరాయి, ఇసుకరాయి. వాటి కింద గ్రానైట్, నైస్ లాంటి గట్టిరాళ్లు. ఈ రెండు పొరల వరసను గుర్తుపెట్టుకుంటే తర్వాత జరిగినదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

శకలం నేలను తాకుతూనే పైపైన ఉన్న ఇసుక కరిగి చినుకుల్లా ఎగిరింది. ఆ చినుకులు తూర్పున 200 నుంచి 450 కిలోమీటర్ల దూరంలో, నేటి చెక్ దేశంలోని బొహీమియా, మొరావియాల్లో ఆకుపచ్చ గాజుముక్కలుగా పడ్డాయి. నగల దుకాణాల్లో మోల్డవైట్ పేరుతో అమ్మేది దాన్నే. శకలం ఒక కిలోమీటరు లోతు దాకా దూరి, ఆ వేడికీ ఒత్తిడికీ ఆవిరైపోయింది. అందుకే రీస్ అంతా గాలించినా ఉల్క ముక్క దొరకదు. ఊళ్లోని బిలం మ్యూజియంలో జనం అడిగే మొదటి ప్రశ్న "అసలు ఉల్క ఎక్కడ?" అనేదే అయితే ఆశ్చర్యం లేదు.

తర్వాత కదిలింది పై పొర. సున్నపురాయి, బంకరాయి ముక్కలై, కొన్ని ఇళ్లంత దిమ్మెలుగానే, బయటకు ఎగిరిపడి నేలమీద జారుతూ దొర్లుతూ బిలం నడుమ నుంచి 40 కిలోమీటర్ల దాకా పరుచుకున్నాయి. రకరకాల రంగుల ఈ కలగాపులగాన్ని బుంటె బ్రెచ్చియా అంటారు. ఇది పెద్దగా వేడెక్కలేదు. దాని వెనకే లోపలి పొర వచ్చింది. నలిగి, సగం కరిగిన గ్రానైట్, నైస్ ముక్కలు వేడి మేఘంలా లేచి, అప్పటికే పరుచుకున్న చల్లటి చెత్తమీద దిగాయి. ఆ పొరే స్యూవైట్. బిలం ఈశాన్య అంచు వైపు, ఓయెటింగెన్ దగ్గరున్న ఔమ్యూలె క్వారీలో ఈ రెండింటి మధ్య గీత కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. కింద ముదురు రంగుల బ్రెచ్చియా, పైన బూడిదరంగు స్యూవైట్. ఉల్కాపాతాల గురించి చదివినవాళ్లు రీస్‌లో ఒక్క చోటే చూడగలిగితే అక్కడికే వెళ్లాలి.

ఇదంతా జరుగుతుండగా మధ్యలో కొన్ని కిలోమీటర్ల లోతున తాత్కాలికంగా ఒక గుంత తెరుచుకుంది. అంత లోతైన గుంత నిలబడలేదు. అడుగు పైకి పొంగింది, గోడలు లోపలికి జారిపడ్డాయి. అలా గుంట లోతు తగ్గి వెడల్పు పెరిగి 25 కిలోమీటర్లకు చేరింది. మొత్తం వ్యవహారం నిమిషాల్లో ముగిసింది. మన మహారాష్ట్రలోని లోనార్ బిలం చూసినవాళ్లు రీస్‌కు వచ్చి నిరాశపడేది ఇందువల్లే. లోనార్ వ్యాసం 1.8 కిలోమీటర్లే, అంత చిన్న బిలం తవ్విన ఆకారంలోనే నిలిచిపోతుంది, అంచు మీద నిలబడితే గిన్నె మొత్తం కనిపిస్తుంది. రీస్ లాంటి పెద్ద బిలంలో అంచు అంటే ఒక గట్టు కాదు. జారి విరిగిన దిమ్మెలతో నిండిన కొన్ని కిలోమీటర్ల పట్టీ. దానికి లోపల, పైకి లేచిన గట్టిరాళ్లతో ఇంకో చిన్న వలయం ఉంది. వాలర్‌స్టైన్, వెన్నెన్‌బెర్గ్ గుట్టలు ఆ లోపలి వలయం మీదివే.

గుంట నీటితో నిండి సరస్సయింది. మొదట్లో ఆ నీరు ఉప్పగా, క్షారంగా ఉండేది. లక్షల ఏళ్లపాటు అడుగున ఒండ్రు పేరుకుంది. 1973లో నోర్డ్‌లింగెన్ దగ్గర పరిశోధన కోసం 1,206 మీటర్ల లోతుకు బోరు వేస్తే, పైన 300 మీటర్లకు పైగా సరస్సు ఒండ్రే వచ్చింది, దాని కింద స్యూవైట్ తగిలింది. ఇప్పటి చదునైన సారవంతమైన పొలాలకు పునాది ఆ సరస్సే. తర్వాతి కాలంలో కోత ఒండ్రు పైభాగాన్ని తొలగించకపోతే బిలం పూర్తిగా పూడిపోయి ఉండేది, మనకు ఈ పళ్లెం ఆకారం కనిపించేదే కాదు.

రీస్‌కు నైరుతిగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో స్టైన్‌హైమ్ అనే చిన్న బిలం ఉంది, వ్యాసం నాలుగు కిలోమీటర్లకు కాస్త తక్కువ. రెండూ ఒకే రోజు, జంట శకలాల వల్ల ఏర్పడ్డాయనేది చాలాకాలంగా చెబుతున్న మాట. ఇటీవల కొందరు పరిశోధకులు అది వేరే కాలానిదని వాదిస్తున్నారు. ఈ చర్చ ఇంకా ముగియలేదు కాబట్టి, జంట ఉల్కల కథను ఖాయంగా చెప్పే బోర్డులను కాస్త జాగ్రత్తగా చదవడం మంచిది.

ఈ గుంట ఉల్క వల్ల వచ్చిందని ఒప్పుకోవడానికి మాత్రం చాలా కాలం పట్టింది. 1904లోనే వెర్నర్, 1936లో ఓటో స్టుట్సర్ ఆ మాట అన్నారు, ఎవరూ పట్టించుకోలేదు. అగ్నిపర్వతమనే వాదం అంత బలంగా ఉండేది, అందుకు కారణాలూ ఉన్నాయి. స్యూవైట్‌లో గాజు ముద్దలుంటాయి. అది వేడిగా పడిందని తెలుస్తూనే ఉంటుంది. అదే స్వాబియన్ కొండల్లో ఉరాఖ్ దగ్గర నిజమైన పాత అగ్నిపర్వతాలు ఉన్నాయి. బిలం నుంచి లావా ప్రవహించిన జాడ ఒక్కటీ లేదన్న చిక్కును మాత్రం ఎవరూ విప్పలేకపోయారు. హిమనదాలు తోసుకొచ్చిన రాళ్లని కొందరు, భూగర్భంలో ఆవిరి పేలిందని కొందరు సర్దిచెప్పారు.

చిక్కు విడింది 1960లో. అమెరికా భూగర్భ శాస్త్రవేత్త యూజీన్ షూమేకర్ ఆ వేసవిలో ఇక్కడికి వచ్చి, తూర్పు అంచులోని ఓటింగ్ క్వారీ నుంచి స్యూవైట్ నమూనాలు తీసుకుని సహచర శాస్త్రవేత్త ఎడ్వర్డ్ చావోకు పంపాడు. అందులో కోసైట్ దొరికింది. అది మామూలు క్వార్ట్జే, కానీ మామూలు గాలి ఒత్తిడికి ఇరవై వేల రెట్లు మించిన ఒత్తిడిలో అమరిక మారిన రూపం. 1953లో లోరింగ్ కోస్ దాన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు. నేల పైపొరల్లో ఏ అగ్నిపర్వతమూ అంత ఒత్తిడి పుట్టించలేదు. 1961లో ఇద్దరూ ఆ ఫలితాన్ని ప్రచురించాక వాదం ఉల్క వైపు తిరిగింది. అపోలో 14 వ్యోమగాములు ఆలన్ షెపర్డ్, ఎడ్గర్ మిచెల్ 1970 ఆగస్టులో ఇక్కడి క్వారీల్లో శిక్షణ పొందడానికి కారణం కూడా ఇదే. వాళ్లు దిగబోయే ఫ్రా మౌరో ప్రాంతం, చంద్రుడి మీద ఒక మహా బిలం నుంచి ఎగిరిపడిన శిథిలాల పొర. అలాంటి రాయిని చూసి గుర్తుపట్టడం, రేడియోలో సరిగ్గా వర్ణించడం నేర్చుకోవడానికి భూమ్మీద ఇంతకంటే మంచి చోటు తక్కువ.

ఇక ఆ రాయితో ఊరు ఏం చేసిందో చూద్దాం. ఊరి నడుమనున్న సెయింట్ గెయోర్గ్ చర్చి కట్టడం 1427లో మొదలై 1505లో ముగిసింది. రాయిలో ఎక్కువ భాగం స్యూవైట్, అదీ నైరుతి అంచులోని ఆల్టెన్‌బ్యూర్గ్ క్వారీ నుంచి తెచ్చినది. గుర్తుపట్టడం తేలికే. బూడిదరంగు నేపథ్యంలో నల్లటి, సాగదీసినట్టున్న గాజు ముద్దలు, తెల్లటి గ్రానైట్ పలుకులు కనిపిస్తాయి. స్థానికులు ఆ గాజు ముద్దలను 'ఫ్లేడ్లె' అంటారు, స్వాబియన్ సూప్‌లో వేసే దోసె ముక్కల పేరు అది. మధ్యయుగపు తాపీవాళ్లకు ఇది నచ్చడానికి కారణం ఉంది. తేలికగా ఉంటుంది, దగ్గర్లో దొరుకుతుంది, చెక్కడం సులువు. ఇబ్బంది తర్వాత మొదలవుతుంది. రాయిలో గాజు కాలక్రమాన మారి ఏర్పడ్డ బంకమట్టి ఖనిజాలు తడిస్తే ఉబ్బుతాయి, ఎండితే కుంచించుకుంటాయి. దానికి చలికాలపు మంచు తోడైతే పైచర్మం పొలుసులుగా ఊడుతుంది. అందుకే ఈ చర్చికి మరమ్మతులు ఎప్పటికీ తీరవు. గోపురం చుట్టూ పరంజా కనిపిస్తే విసుక్కోనక్కర్లేదు.

స్యూవైట్‌లో వజ్రాలున్నాయన్న మాటా నిజమే. లోపలి నైస్ రాళ్లలోని గ్రాఫైట్ ఆ దెబ్బకు వజ్రంగా మారింది. బిలమంతటా కలిపి 72,000 టన్నులనే అంచనా తరచూ వినిపిస్తుంది. అంకె ఎంత పెద్దదైనా ఒక్కో వజ్రం మిల్లీమీటరులో చిన్న భాగమే, సూక్ష్మదర్శిని లేకుండా చూడలేం. గోడల్లో వజ్రాలు మెరుస్తాయని రాసే యాత్రా కథనాలు నమ్మకండి. మెరిసేది మైకా, లేదంటే గాజు. ఈ రాయికి అసలు గిరాకీ ఇంకోచోట ఉంది: సున్నంతో కలిస్తే గట్టిపడే గుణం వల్ల దాన్ని పొడిచేసి ట్రాస్ సిమెంటులో వాడతారు.

మరి ఊరు గుండ్రంగా ఎందుకుంది? 898 నాటి పత్రంలో ఇది ఒక రాచ మకాంగా మొదటిసారి కనిపిస్తుంది. 1215లో పవిత్ర రోమన్ సామ్రాజ్యాన్ని ఏలే రెండో ఫ్రెడరిక్ దీన్ని బిషప్ నుంచి తీసుకున్నాక నేరుగా చక్రవర్తికే జవాబుదారీ అయిన స్వేచ్ఛా పట్టణంగా ఎదిగింది. 1219 నాటికే ఇక్కడ పెంతెకోస్తు సంత నడుస్తోంది. ఉన్ని బట్ట, తోలు, ధాన్యం దాని సరుకులు. మొదటి గోడ లోపలే ఉండేది. 1238 అగ్నిప్రమాదం తర్వాత ఊరు దాన్ని దాటి పెరిగింది. 1327లో బవేరియా లుడ్విగ్ చక్రవర్తి ఆ శివార్లన్నిటినీ కలుపుకుంటూ కొత్త గోడ కట్టమన్నాడు. ఇప్పటిది అదే. పాత గోడ పోయినా దాని జాడ వీధుల్లో మిగిలింది. హెరెన్‌గాసె, బై డెన్ కోర్న్‌ష్రానెన్, డ్రేయర్‌గాసె అని పేర్లు మారుతూ ఒక వీధి చర్చి చుట్టూ వంపు తిరుగుతుంది. మ్యాప్ చేతిలో పెట్టుకుని ఆ వంపు పట్టుకుంటే 13వ శతాబ్దపు ఊరి హద్దు అడుగుల కింద తెలుస్తుంది.

గుండ్రదనానికి కారణం, మా అంచనాలో, చాలా మామూలుది. ఐదు దిక్కుల నుంచి ఐదు బాటలు సంత మైదానానికి వచ్చి చేరేవి, ప్రతి బాట వెంటా ఇళ్లు సమానంగా పెరిగాయి. కొండగానీ పెద్ద నదిగానీ అడ్డంలేదు. తక్కువ గోడతో ఎక్కువ చోటు చుట్టాలంటే వలయమే చవక. బిలం చేసిన సాయం ఒక్కటే, ఆ చదును నేల ఇవ్వడం.

ఊరు అలాగే మిగిలిపోవడానికి మాత్రం పేదరికం కారణం. 1618 నుంచి 1648 దాకా యూరప్‌ను కుదిపేసిన ముప్పై ఏళ్ల యుద్ధంలో, 1634 ఆగస్టులో చక్రవర్తి సైన్యం ఊరిని ముట్టడించింది. విడిపించడానికి గుస్టావ్ హోర్న్, సాక్సె-వైమర్ బెర్న్‌హార్డ్ నాయకత్వంలో స్వీడిష్ పక్షం వచ్చింది. అటువైపు హంగేరీ రాజు ఫెర్డినాండ్‌కు తోడు స్పెయిన్ సేనతో ఆ దేశపు రాజు తమ్ముడు, కార్డినల్-ఇన్ఫాంటే అనే బిరుదున్న ఫెర్డినాండ్ చేరాడు. సెప్టెంబరు 5, 6 తేదీల్లో పోరు ఊరికి దక్షిణంగా ఉన్న ఆల్బుఖ్ గుట్ట చుట్టూ తిరిగింది. స్పానిష్ దళం గుట్ట మీద కుదురుకుని దాడి వెనక దాడిని తిప్పికొట్టింది. స్వీడన్ పక్షం చిత్తుగా ఓడింది, హోర్న్ బందీ అయ్యాడు. మరుసటి ఏడాదే ఫ్రాన్స్ నేరుగా యుద్ధంలోకి దిగడానికి ఈ ఓటమి ఒక ముఖ్య కారణం. 1645 ఆగస్టు 3న మళ్లీ ఇక్కడికి దగ్గర్లోనే ఆలెర్‌హైమ్ వద్ద పెద్ద పోరు జరిగింది. అక్కడ బవేరియన్ సేన పక్కలు ఆనించిన గుట్టల్లో ఒకటి వెన్నెన్‌బెర్గ్, అంటే బిలం లోపలి వలయపు రాయి. చదును మైదానంలో ఉన్న కాసిన్ని ఎత్తులూ ఉల్క మిగిల్చినవే కాబట్టి సేనాపతుల కళ్లు వాటిమీదే పడేవి.

ముట్టడిలో ఆకలికీ తెగులుకూ ఊరి జనంలో పెద్ద భాగం పోయింది, సంత మళ్లీ ఆ స్థాయికి రాలేదు. 1803 నాటికి బవేరియాలో కలిసేసరికి ఇదొక చిన్న జిల్లా పట్టణం. డబ్బున్న ఊళ్లు 19వ శతాబ్దంలో గోడలు కూల్చి రోడ్లు వేసుకుంటే ఇక్కడ అంత అవసరమూ లేదు, సొమ్మూ లేదు. 1826లో బవేరియా రాజు మొదటి లుడ్విగ్ పాత పట్టణాల గోడలు కూల్చడాన్ని ఆపుతూ ఇచ్చిన ఆజ్ఞ కూడా కలిసొచ్చింది.

అంతకుముందు చరిత్రలో దాటవేయకూడని చీకటి ఒకటుంది. 1589 నుంచి 1598 దాకా మంత్రగత్తెల పేరిట ఇక్కడ 34 మంది స్త్రీలను, ఒక పురుషుణ్ణి చంపారు. సత్రం నడిపే మరియా హోల్‌ను 1593, 94 సంవత్సరాల్లో 62 సార్లు చిత్రహింస పెట్టారు. ఆమె ఒప్పుకోలేదు, వదిలేయక తప్పలేదు. ఆ తర్వాత ఈ విచారణల మీద జనం నమ్మకం సడలింది. వైన్‌మార్క్ట్‌లో ఆమె పేరిట ఒక ఫౌంటెన్ ఉంది.

వెళ్లాలంటే మ్యూనిక్ నుంచి ఆగ్స్‌బుర్గ్ మీదుగా డోనౌవ్యోర్త్ వచ్చి, ఆలెన్ వైపు వెళ్లే లోకల్ రైలు ఎక్కాలి. డోనౌవ్యోర్త్ నుంచి అరగంట. ఆ అరగంటలో ఫోన్ పక్కన పెట్టండి. హార్‌బుర్గ్ కోట కింద లోయ బాగా ఇరుకవుతుంది, అది దాటగానే నేల ఒక్కసారిగా విశాలంగా చదునవుతుంది. బిలం అంచు దాటిన చోటు అదే. ఊళ్లో ఎక్కడా బిలం ఇంత స్పష్టంగా తెలియదు.

స్టేషన్ ఊరికి తూర్పున ఉంటుంది, పది నిమిషాల నడకలో డైనింగర్ ద్వారం వస్తుంది. ముందుగా డానియేల్ ఎక్కడం మేలు. చర్చి గోపురానికి ఊరివాళ్లు పెట్టిన పేరది. ఎత్తు 90 మీటర్లు, మెట్లు 350, లిఫ్టు లేదు. పైనుంచి 99 ఊళ్లు కనిపిస్తాయంటారు. అన్నీ లెక్కపెట్టే పని మనకెందుకు గానీ, చూడాల్సింది దూరాన చుట్టూ నీలంగా సాగే కొండల గీత. అదే అసలు వలయం. పొగమంచు రోజున ఆ గీత కనిపించదు, అప్పుడు ఎక్కినా ఎర్ర పెంకులే మిగులుతాయి. కాబట్టి ఉదయం మబ్బుగా ఉంటే మ్యూజియం ముందు, గోపురం తర్వాత.

రీస్ క్రేటర్ మ్యూజియం 1503 నాటి కొట్టంలో ఉంది, 1990లో తెరిచారు. అపోలో 16 తెచ్చిన చంద్రశిల ఒకటి అక్కడుంది. స్యూవైట్ పక్కన దాన్ని చూశాకే వ్యోమగాములు ఇక్కడికి ఎందుకొచ్చారో అర్థమవుతుంది. గోడ పైన కప్పు వేసిన నడవ ఉంది, చుట్టూ పూర్తిగా నడవచ్చు. మెల్లగా నడిస్తే గంట. ఐదు ద్వారాల్లో దేని దగ్గరైనా ఎక్కి, కాళ్లు నొప్పెడితే తర్వాతి ద్వారం దగ్గర దిగొచ్చు. పలకలు అరిగి ఉంటాయి, దూలాలు తలకు తగిలే ఎత్తులో వస్తాయి. గోడ చరిత్ర కావాలంటే లోయెప్సింగర్ ద్వారం బురుజులో దానికే ఒక మ్యూజియం ఉంది. టౌన్‌హాల్ బయటి మెట్లు 1618 నాటివి, వాటి కింద విదూషకుడి బొమ్మ చెక్కి ఉంటుంది. పక్కన రాసిన మాట: "ఇప్పుడు మనం ఇద్దరం." చదివినవాడే రెండోవాడు.

రాత్రి బస చేస్తే పది నుంచి పన్నెండు మధ్య ప్రతి అరగంటకూ గోపురం పైనుంచి కావలివాడు "జో, క్సెల్, జో!" (అలాగే, నేస్తం, అలాగే!) అని కేకేయడం వినొచ్చు. 1440లో ఓయెటింగెన్ ప్రభువు ద్వారపాలకులకు లంచమిచ్చి తలుపు గడియ వేయకుండా చేశాడని, ఒక పంది తలుపుకు ఒళ్లు రుద్దుకుంటే అది కదలడం చూసి ఒక స్త్రీ ఊరిని అప్రమత్తం చేసిందని, ఆ కేక అప్పటినుంచే వచ్చిందని కథ.

రెండో రోజు ఉంటే సైకిల్ అద్దెకు తీసుకుని నైరుతిగా ఐదారు కిలోమీటర్ల లోపే ఉన్న హోల్‌హైమ్ వెళ్లండి. పాత లిండ్లె క్వారీలో జారిపడిన సున్నపురాతి దిమ్మెలు, పైన ఓఫ్నెట్ గుహలు, గుట్ట కింద రోమన్ పొలపు ఇంటి పునాదులు పక్కపక్కనే ఉంటాయి. ఆ గుహల్లో 1908లో మధ్య రాతియుగపు కపాలాలు రెండు గుంతల్లో దొరికాయి. మైదానం చదునే కానీ అంచు దగ్గర ఎక్కుడు మొదలవుతుంది, గేర్లున్న సైకిలే అడగండి. ఉత్తరాన వాలర్‌స్టైన్ కూడా అంతే దూరం. సరస్సు నీటిలో సున్నం పేరుకుని ఏర్పడ్డ ఆ బండ ఎక్కితే బిలాన్ని లోపలి వలయం మీద నిలబడి చూడొచ్చు. ఔమ్యూలె, ఓటింగ్ క్వారీలకు మాత్రం కారు ఉంటేనే నయం. పల్లె బస్సులు శని, ఆదివారాల్లో బాగా తక్కువ, తిరుగు బస్సు వేళ ముందే చూసుకోకపోతే అక్కడే చిక్కుకుంటారు.